టూల్ పోని మూల: ఒక బేరింగ్ హౌసింగ్ కేస్ స్టడీ

కారం, పసుపు, ధనియాల పొడి పౌచ్‌లలో నింపే ప్యాకింగ్ మెషీన్లు డిజైన్ చేయడం నా పని. ఈ మెషీన్‌లో ఒక షాఫ్ట్ ఉంటుంది. దానికి ఒక పక్క మోటార్ బెల్టు పుల్లీ, ఇంకో పక్క పౌచ్‌ని నొక్కి అతికించే దవడని (సీలింగ్ జా) ఆడించే క్రాంక్. ఆ షాఫ్ట్‌ని పట్టుకోడానికి ఒక అల్యూమినియం డబ్బా, మేం హౌసింగ్ అంటాం. లోపల రెండు 6204 బేరింగులు (బయటి వ్యాసం 47 మి.మీ.), మధ్యలో ఒక క్యామ్ (షాఫ్ట్‌తో పాటు తిరిగే, ఒక పక్క ఉబ్బిన చక్రం), పైన మూత, మూత మీద ఒక సెన్సార్. క్యామ్ తిరిగినప్పుడల్లా సెన్సార్ ఒక సిగ్నల్ ఇస్తుంది. అంతే, పెద్ద విద్యేం లేదు. దీనికి నేను గీసిన మొదటి డ్రాయింగ్ మీద పీస్‌కి 6,400 రూపాయల కోటేషన్ వచ్చింది, అదీ 40 పీసుల లాట్‌కి.

వెండర్ గట్టిగా వేసుకున్నాడనుకున్నాం. పర్చేజ్‌లో ఉన్నాయన ఇంకో ఇద్దరిని అడిగాడు. ఒకరు 6,900 చెప్పారు, ఇంకొకరు డ్రాయింగ్ చూసి మా వల్ల కాదన్నారు. మెషీన్ల డెలివరీ నెత్తి మీద ఉంది కాబట్టి గొణుక్కుంటూనే ఆర్డర్ ఇచ్చేశాం. ఐదు వారాలకి 40 డబ్బాలు వచ్చాయి, నల్లగా మెరుస్తూ, చూడ్డానికి చాలా బాగున్నాయి. ఒక్కదాంట్లో కూడా బేరింగ్ దిగలేదు.

బేరింగ్ గొడవ తర్వాత చెప్తాను, ఎందుకంటే అది విడిగా చెప్పుకోవాల్సినంత ఉంది. ముందు ఆ డబ్బాకి అంత ఖర్చు ఎందుకయిందో చెప్పాలి. అది తెలుసుకోడానికే హైదరాబాద్ బాలానగర్‌లో వెండర్ షాపుకి వెళ్లాను, నిజం చెప్పాలంటే బేరం ఆడి వద్దామనే వెళ్లాను. షాపాయనకి నా కంటే పదిహేనేళ్లు ఎక్కువే ఉంటాయి, అక్కడే సీఐటీడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో టూల్ డిజైన్ నేర్చుకుని షెడ్డు పెట్టుకున్నాడు. రేటు గురించి ఎత్తగానే ఆయనేం వాదించలేదు. "చాయ్ తాగుర్రి సార్, తర్వాత ఒక్కసారి మిషన్ కాడికి రార్రి" అన్నాడు.

తిరిగే కట్టర్‌తో దిమ్మని చెక్కే మిల్లింగ్ మిషన్ అది. దాని మీద నా డబ్బాయే ఉంది. ఒకటి స్పేర్‌గా ఎక్కువ చేస్తున్నారు. 58 మి.మీ. లోతు పాకెట్ (డబ్బా లోపల చెక్కిన గుంట) లోపల 6 మి.మీ. కట్టర్ ఒకటి, పుల్లలా పొడుగ్గా, మూలల్లోకి పోతోంది. గోడ మధ్యలో ఉన్నంతసేపూ సరిగ్గానే వినిపించింది గానీ మూల దగ్గరికి రాగానే కీచుమని అరుపు మొదలైంది. ఆపరేటర్ కుర్రాడు చెయ్యి కట్టర్ ముందుకెళ్లే వేగం మార్చే ఫీడ్ నాబ్ మీదే పెట్టుకుని కూర్చున్నాడు. మూల రాగానే 30 శాతానికి తిప్పుతాడు, దాటగానే మళ్లీ పెంచుతాడు. ఒక్కో పీస్‌కి అలా గంటకి పైగా. అంత జాగ్రత్తగా చేసినా గోడ మీద చేప పొలుసుల్లాంటి గీతలు పడ్డాయి, వాటిని తర్వాత ఎమ్రీ కాగితంతో రుద్దుతున్నారు.

"ఈ మూలల ఏం కూసుంటది సార్?" అని అడిగాడు షాపాయన.

"ఏం కూర్చోదు."

"మరి మూడు రేడియస్ ఎందుకిచ్చిన్రు?"

నా దగ్గర జవాబు లేదు. క్యాడ్‌లో ఫిల్లెట్ (మూలని గుండ్రం చేసే కమాండ్) కొట్టినప్పుడు స్క్రీన్ మీద గడిలో 3 అని ఉంది, ఎంటర్ నొక్కాను. అంతే కారణం.

మిల్లింగ్ గురించి కొత్తగా డిజైన్‌లోకి వచ్చినవాళ్లకి ఇది ఒక్కటి చెప్తే చాలు. కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి లోపలి నిలువు మూల ఎప్పటికీ పదునుగా రాదు, ఆ మూల రేడియస్ ఎంతైతే కట్టర్ రేడియస్ అంతకి మించకూడదు. 3 మి.మీ. అడిగితే 6 మి.మీ. కట్టరే గతి. లోతు 58 అంటే కట్టర్ తన మందానికి దాదాపు పది రెట్లు బయటికి వేలాడుతుంది. మూడు నాలుగు రెట్ల దాకా ఎవరికీ ఇబ్బంది ఉండదు, ఆ పైన కట్టర్ వంగుతుంది. ఎంత వంగుతుందన్నది మందం మీద నాలుగో ఘాతంలో ఆధారపడుతుంది. అంటే అదే పొడుగులో 6 బదులు 16 మి.మీ. కట్టర్ పెడితే దాదాపు 50 రెట్లు గట్టిగా నిలబడుతుంది. మేం మూలని 8.5 చేశాం. 8 అని ఇవ్వకపోవడానికి కారణముంది. రేడియస్ సరిగ్గా కట్టర్‌తో సమానంగా ఉంటే కట్టర్ మూలలో ఒక్కసారిగా రెండు గోడలకీ ఆనుకుని ఆగి తిరుగుతుంది, అక్కడే అరుపంతా. అర మిల్లీమీటరు ఎక్కువిస్తే మూలలో కూడా మెల్లగా చుట్టూ తిరిగి వచ్చేస్తుంది.

పాకెట్ అడుగున నేల కలిసేచోట కూడా చుట్టూ 3 మి.మీ. ఫిల్లెట్ ఇచ్చాను, అదీ అందం కోసమే, అదీ మూత కింద ఎవరికీ కనపడని చోట. దానికి కొన గుండ్రంగా ఉండే బాల్‌నోస్ కట్టర్‌తో గీతగీతగా దువ్వుకుంటూ పోవాలి. తీసేశాం. బయటి అంచులన్నిటికీ 1.5 ఫిల్లెట్ ఉండేది, దాన్ని "అంచులు 0.5 చాంఫర్" (అంచుని ఏటవాలుగా కోయడం) అన్న ఒక్క నోట్‌గా మార్చాం, చాంఫర్ టూల్ ఒక్క చుట్టు చుడితే అయిపోతుంది. సన్నగా 3 మి.మీ. ఉన్న గోడలు 6 అయ్యాయి. బరువు పెరిగింది, కానీ ఇది నేల మీద నిలబడే మెషీన్, ఎగరేది కాదు.

ఇక టాలరెన్స్, అంటే కొలత ఎంత అటూ ఇటూ అయినా ఒప్పుకుంటామన్నది. ఇది చెప్పుకోడానికి సిగ్గేస్తుంది. డ్రాయింగ్ కింద టైటిల్ బ్లాక్‌లో "టాలరెన్స్ ఇవ్వని కొలతలకి ±0.05" అని ఉంది. అది ఎప్పుడో ఒక ఇన్‌స్పెక్షన్ ఫిక్చర్‌కి చేసిన డ్రాయింగ్ షీట్. దాన్నే టెంప్లేట్‌గా కాపీ కొట్టుకుంటూ వచ్చాం. డ్రాయింగ్ మీద 64 కొలతలున్నాయి. అంటే మూత పొడవు కూడా 0.05 మి.మీ. తేడా లోపలే రావాలని నేను రాసిచ్చినట్టే. వెండర్ దాన్ని అలాగే చదివాడు, చదవాలి కూడా. ఫస్ట్ పీస్ రిపోర్టుకే వాళ్లకి సగం రోజు పట్టింది. "±0.05 అని ఉంటే మేం గంతే రేటు కడ్తం సార్, మీ మనసుల ఏమున్నదో మాకేం ఎర్క" అన్నాడు. కరెక్టే కదా.

కూర్చుని 64 కొలతలకీ ఒక్కటే ప్రశ్న వేశాం: ఇది అర మిల్లీమీటరు తప్పితే ఏమవుతుంది? నిజంగా ఏదైనా అయ్యేవి ఏడు తేలాయి. రెండు బేరింగ్ బోర్లు (బేరింగ్ కూర్చునే గుండ్రటి రంధ్రాలు), ఆ రెండూ ఒకే వరసలో ఉండటం, అడుగు నుంచి బోర్ సెంటర్ ఎత్తు, అడుగు సమతలం, డోవెల్ (డబ్బాని సరైన చోట కుదిర్చే పిన్ను) రంధ్రాలు రెండు. మిగతా 57 ఐఎస్‌ఓ 2768 మీడియం అనే మామూలు టాలరెన్సుల స్టాండర్డ్‌కి వెళ్లిపోయాయి. అందులో 6 నుంచి 30 మి.మీ. దాకా ±0.2, 30 నుంచి 120 దాకా ±0.3, ఆ పైన 400 దాకా ±0.5. మామూలు మిషన్ మీద మామూలుగా చేస్తే వచ్చేవే ఇవి. ఈ ఒక్క మార్పుకి డ్రాయింగ్‌లో ఒక్క గీత కూడా కదలలేదు.

బోర్లు రెండూ ఒకే వరసలో ఉండాలన్న దగ్గర మాత్రం గీతలు కదిలాయి. మొదటి డిజైన్‌లో ప్రతి గోడలోనూ బేరింగ్ ఆనుకోడానికి లోపలి వైపు ఒక మెట్టు ఉండేది, బయట 47, లోపల 42. పుస్తకంలో బొమ్మ అలాగే ఉంటుంది. కానీ ఆ మెట్టు వల్ల రెండు బోర్లూ రెండు బయటి పక్కల నుంచే చేయాలి. ఒక పక్క చేసి, జాబ్ విప్పి, తిప్పి, మళ్లీ బిగించి, డయల్ పెట్టి సెంటర్ పట్టుకుని రెండోది చేయాలి. తిప్పిన ప్రతిసారీ మిల్లీమీటరులో ఒకటో రెండో వందో వంతులు పోతాయి, వైస్‌లో ఒక చిప్ ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. నేనేమో రెండూ 0.02 లోపల కలవాలని రాశాను.

కొత్త డిజైన్‌లో మెట్లు తీసేసి 47 బోర్‌ని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే బారుగా చేశాం. బోరింగ్ బార్ ఒక పక్క నుంచే పోయి రెండూ చేసేస్తుంది, బిగింపు మారదు కాబట్టి వరస తప్పే ఛాన్స్ చాలా తక్కువ. మరి బేరింగులు ఎక్కడ ఆగుతాయి? లోపలి వైపు షాఫ్ట్ మీదున్న మెట్టుకి ఆనుకుంటాయి, బయట పుల్లీ పక్కన ఒక సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు), క్రాంక్ పక్కన చిన్న కవర్. సర్‌క్లిప్ గాడి కూడా ఆ బోర్‌లోంచే కట్టర్ పంపించి అదే బిగింపులో చేయొచ్చు. ఇంకో లాభం అనుకోకుండా దొరికింది: 20×47×7 అని ఆయిల్ సీల్ (గ్రీజు కారకుండా షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు రింగు) స్టాండర్డ్ సైజులో ఉంది, అంటే సీల్‌కి వేరే బోర్ అక్కర్లేదు, అదే 47 లో కూర్చుంటుంది. పుల్లీ పక్క గోడ మీద అంతకుముందు సీల్ కవర్‌కి నాలుగు ట్యాపులు, అంటే మర కోసిన స్క్రూ రంధ్రాలు, ఉండేవి, అవీ పోయాయి. ఆ పక్క ఇక మిషన్ మీద పైకి తిప్పాల్సిన పనే లేదు.

గ్రీజు ఎక్కించే నిపుల్‌కి 30 డిగ్రీల వాలులో ఒక రంధ్రం ఉండేది. ఆ ఒక్క రంధ్రం కోసం వాలు ఫిక్చర్ ఒకటి చేసుకున్నారు పాపం. నేను వాలుగా ఎందుకు పెట్టానంటే నిటారుగా పెడితే గార్డుకి తగులుతోంది. నిపుల్‌ని 12 మి.మీ. పక్కకి జరిపితే తగలదు. జరిపాం.

ట్యాపులు ఎం3, ఎం4, ఎం5 (3, 4, 5 మి.మీ. స్క్రూలకి) మూడు సైజులు కలిపి ఉండేవి. ఒక్కో సైజుకి డ్రిల్లు, మర కోసే ట్యాపు టూలు వేరు, టూల్ మారిన ప్రతిసారీ టైము. పైగా ఎం4 కి 16 మి.మీ. థ్రెడ్ అడిగాను, అడుగు మూసుకున్న రంధ్రంలో. చిప్స్ కిందే పేరుకుని రెండు ట్యాపులు విరిగాయి, విరిగిన ట్యాపుని అల్యూమినియంలోంచి తీయడం ఎంత నరకమో చేసినవాడికే తెలుసు. అన్నీ ఎం5 చేసి, 4.2 డ్రిల్లు 15 లోతు, థ్రెడ్ 10 అని ఇచ్చాం. అల్యూమినియంలో స్క్రూ మందానికి రెండు రెట్ల థ్రెడ్ ఈ పనికి దండిగా చాలు.

ఇప్పుడు మోటార్ మౌంటు. దీని మీద మా ఆఫీసులో ఇప్పటికీ వాదన నడుస్తుంది. మొదటి డిజైన్‌లో మోటార్ బిగించే చెవి కూడా డబ్బాతో కలిపి ఒకే ముక్క. దానికి కారణం నేను కాలేజీలో శ్రద్ధగా చదువుకున్న పాఠమే. బూత్‌రాయిడ్, డ్యూహర్స్ట్ అని అమెరికాలో రోడ్ ఐలాండ్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు ఇద్దరు, 1991లో వాళ్లకి ఆ దేశపు నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చారు. పార్టుల సంఖ్య తగ్గించడానికి వాళ్లు మూడు ప్రశ్నలు పెట్టారు. ఈ పార్టు పక్కదానితో పోలిస్తే కదులుతుందా? దీనికి వేరే మెటీరియల్ తప్పనిసరా? విడిగా లేకపోతే అసెంబ్లీ కుదరదా? మూడిటికీ లేదు అంటే పక్కదాంట్లో కలిపేయొచ్చు. మోటార్ చెవికి మూడూ లేదు. కలిపేశాను.

ఆ ప్రశ్నల్లో తప్పేం లేదు, నేను వాటి దగ్గరే ఆగిపోవడం తప్పు. అచ్చులో పోసే పార్టుకి చెవి కలిపితే దాదాపు ఫ్రీగా వస్తుంది. దిమ్మలోంచి చెక్కే పార్టుకి చెవి కలిపితే దిమ్మ పెరుగుతుంది. చెవితో కలిపి 210×130×75 దిమ్మ కావాలి, 6061 అల్యూమినియంలో అది ఐదున్నర కిలోలు. చెవి తీసేస్తే 140×110×70 చాలు, 2.9 కిలోలు. అంటే ఒక్క చెవి కోసం రెండున్నర కిలోలకి పైగా కొనుక్కుని, అందులో ఎక్కువ భాగం మిషన్ టైము పెట్టి మరీ చిప్స్ చేసి పారేస్తున్నాం. పైగా మోటార్ ముఖానికి ఇంకో బిగింపు. దాన్ని 5 మి.మీ. ఇనుప రేకులో లేజర్ కటింగ్ చేయించి ఒక్క వంపు వంచితే 350 రూపాయలు. రంధ్రాల బదులు పొడుగు స్లాట్లు పెట్టాం కాబట్టి మోటార్‌ని జరిపి బెల్టు బిగించుకోవచ్చు, దాంతో అంతకుముందు బెల్టు టెన్షన్ కోసం పెట్టిన ఐడ్లర్ పుల్లీ, దాని బ్రాకెట్, బేరింగ్ అన్నీ ఎగిరిపోయాయి. ఒక పార్టు విడగొడితే మూడు తగ్గాయి. మా సీనియర్ మాత్రం ఇప్పటికీ ఒకే ముక్కే గట్టిదంటాడు.

(ఆ రేకులో కూడా మొదటిసారి తప్పు చేశాను. ఒక రంధ్రం అంచు వంపుకి 8 మి.మీ. దూరంలోనే ఉంది, వంచగానే కోడిగుడ్డులా సాగింది. రేకు మందానికి రెండింతలు, దానికి వంపు రేడియస్ కలిపినంత దూరం కనీసం వదలాలి. మాకు 15 వస్తుంది, 18 ఇచ్చాం.)

క్యాస్టింగ్, అంటే అచ్చులో పోత, ఎందుకు చేయించలేదని చాలామంది అడుగుతారు. మా ఖర్చు మొత్తం లెక్కేసి చూశాం, మాకు ఏడాదికి కావాల్సినవి రెండు వందల లోపు. ప్యాట్రన్ (అచ్చు తీసే నమూనా) ఖర్చు, పోసినదాని మీద మళ్లీ మిషనింగ్, బోర్ దగ్గర గాలి బుడగలు బయటపడితే రిజెక్షన్. ఆ సంఖ్యకి అనవసరమనిపించింది.

సరే, బేరింగ్ గొడవ. డ్రాయింగ్‌లో బోర్ 47 హెచ్7 అని ఉంది, అంటే 47.000 నుంచి 47.025 దాకా. వెండర్ 47.010 చేశాడు, అన్నీ. గేజ్ పెట్టి చూపించాడు కూడా. కింద మూలలో ఇంకో నోట్ ఉంది: "హార్డ్ అనోడైజ్ 50 మైక్రాన్లు, నలుపు". హార్డ్ అనోడైజింగ్ అంటే అల్యూమినియం మీద కరెంటుతో గట్టి ఆక్సైడ్ పొర పెంచడం, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పొర సగం లోపలికి పోతుంది, సగం బయటికి పెరుగుతుంది. అంటే ప్రతి గోడ మీద 25 మైక్రాన్లు పెరిగి, రెండు పక్కలా కలిపి బోర్ 50 మైక్రాన్లు కుంచించుకుపోతుంది. 47.010 కాస్తా 46.960 అయింది. బేరింగ్ ఎక్కడ దిగుతుంది?

ఇందులో వెండర్ తప్పు లేదు, అనోడైజింగ్ చేసినవాళ్ల తప్పూ లేదు. ఆ 47 హెచ్7 పూతకి ముందా, తర్వాతా అన్నది నేను రాయలేదు. అవసరం లేని 57 కొలతలకి ±0.05 ఇచ్చిన మనిషిని, అవసరమైన ఒక్క చోట ఒక్క ముక్క రాయడం మర్చిపోయాను. ఆ పొర రాయిలా ఉంటుంది. హోనింగ్ రాళ్లతో మూడు రోజులు గీకించాం. 31 బతికాయి, 9 చోట్ల బోర్ ఎక్కువ తెగి బేరింగ్ వదులైపోయింది, స్క్రాప్‌లో వేశాం.

ట్యాపుల సంగతి ఇంకా ఘోరం. థ్రెడ్ 60 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి పూత ఎంత పెరిగితే దానికి నాలుగింతలు పిచ్ డయామీటర్‌లో (మర ఎత్తుకి మధ్యలో కొలిచే వ్యాసం) తగ్గుతుంది. 25 మైక్రాన్లు అంటే 0.1 మి.మీ. ఎం4 స్క్రూలు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయేవి. అన్నిట్లో మళ్లీ ట్యాపు దింపాం.

కొత్త డ్రాయింగ్‌లో ముందు "హార్డ్ ఎందుకు?" అని అడిగాం. లోపల గ్రీజు, బయట కారం దుమ్ము, ఒరిపిడి ఎక్కడా లేదు. మామూలు అనోడైజింగ్ 15 మైక్రాన్లు సరిపోతుంది. అయినా నోట్ రాశాం: "బోర్లు, ట్యాపులు రబ్బరు ప్లగ్గులతో మూయాలి, అక్కడ పూత వద్దు. 47 హెచ్7 పూర్తయిన పార్టు మీద కొలత." ఈ రెండు వాక్యాలు ఇప్పుడు మా ప్రతి డ్రాయింగ్‌లోనూ ఉంటాయి.

రెండో లాట్ లెక్క ఇది. మిషన్ మీద బిగింపులు ఆరు నుంచి మూడుకి వచ్చాయి: అడుగు, పైభాగం, క్రాంక్ పక్క. టూల్స్ 19 నుంచి 9 కి. పీస్‌కి మిషన్ టైము 4 గంటల 20 నిమిషాలు ఉండేది, గంటా 25 నిమిషాలు అయింది. రేటు 2,900, రేకు బ్రాకెట్ 350. నేను బేరం ఆడలేదు, ఆయనే తగ్గించి పంపాడు. ఆయన గంట రేటు మాత్రం మారలేదని గమనించండి.

అంతా బాగుందనుకుంటున్నప్పుడు గుంటూరు నుంచి ఫోన్. అక్కడ కారం ప్యాక్ చేసే ఒక కస్టమర్, పౌచ్‌లు తెగాల్సిన చోట తెగట్లేదని. మొదట పౌచ్ ఫిల్మ్ అనుకున్నాం, తర్వాత పౌచ్ కోసే కత్తి టైమింగ్ అనుకున్నాం, ప్రోగ్రామ్‌లో టైమింగ్ మార్చి చూశాం. సాయంత్రానికి అక్కడి మెకానిక్ కుర్రాడు ఫోటో పంపాడు. మూత అటు చివర ఇటు వచ్చేలా తిప్పి బిగించి ఉంది.

తప్పు మళ్లీ నాదే. పాత మూతకి ఒక మూల ఎం3, మిగతా చోట్ల ఎం4 ఉండేవి కాబట్టి ఒక్క వైపే పట్టేది. అది నేను కావాలని చేసింది కాదు, యాదృచ్ఛికం. నేను అన్నీ ఎం5 చేసి, నీట్‌గా సమాన దూరంలో పెట్టాను. దాంతో మూత రెండు వైపులా ఎక్కుతుంది. కానీ సెన్సార్ రంధ్రం షాఫ్ట్ సెంటర్ నుంచి 15 మి.మీ. పక్కకి ఉంటుంది. అలా తిప్పి పెడితే ఆ 15 అటు పక్కకి పోయి సిగ్నల్ ముందే వచ్చేస్తుంది, కత్తి తప్పు చోట కోస్తుంది. గ్రీజు చూద్దామని మూత తీసిన మనిషి మళ్లీ పెట్టేటప్పుడు రాత్రి షిఫ్ట్‌లో, కారం ఘాటుకి కళ్ల నీళ్లు కారుతుంటే, ఏ వైపో ఎలా చూస్తాడు?

మూడో రివిజన్‌లో ఒక బోల్టుని 4 మి.మీ. పక్కకి జరిపాం. మిషన్ టైము అంతే, టూల్ అదే, ప్రోగ్రామ్‌లో ఒక అంకె మారింది. ఇప్పుడు అలా తిప్పి పెడితే కొన్ని బోల్టులు పట్టవు. బయట ఉన్న రెండో లాట్ మూతలకి మాత్రం మార్కర్‌తో బాణం గుర్తు వేయించి, ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకుంటున్నాం. ఇంకో నాలుగు మెషీన్ల నుంచి రావాలి.